ముసలయ్య చదును చేసిన ఇసుక

లాంగ్‌జంప్ గొయ్యి పనికి ముసలయ్యను ఎవరూ ఏరి పెట్టలేదు. పరంజా ఎక్కలేడు కాబట్టి అక్కడ పడేశారు. ఏడాది కిందట బహ్రెయిన్‌లో, జింజ్ పేటలో కడుతున్న ఒక బిల్డింగు రెండో అంతస్తు నుంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. అది అతుక్కుంది గానీ సరిగ్గా వంగదు. వంగని మోకాలితో తాపీపని సాగదు. పనికిరాని మనిషిని కంపెనీ క్యాంపులో ఎన్నాళ్లో ఉంచదు. ఏప్రిల్లో వీసా అయిపోతుందనీ, పొడిగించేది లేదనీ కఫీల్, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ముందే చెప్పేశాడు.

మార్చిలో స్టేడియంలో అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీలు వచ్చాయి. పద్దెనిమిది దేశాల జట్లు. మైదానం పనులకు ముసలయ్య కంపెనీ నుంచి పన్నెండు మందిని తీసుకున్నారు. వాళ్ల మీద సూపర్‌వైజరు థామస్. గుంటూరు మనిషి, మనామాలో శుక్రవారాలు తెలుగు ప్రార్థనలు నడిపిస్తాడు. మొదటి రోజు గొయ్యి పక్కనుంచి పోతూ ముసలయ్య పని చూసి ఆగాడు.

పొడుగు కర్రకు అడ్డంగా బిగించిన చదును చెక్కను అందరూ తమవైపు లాగుతారు. ముసలయ్య నెడుతున్నాడు. గొయ్యిలో అడుగు పెట్టకుండా, గట్టు మీదే నిలబడి, ముందుకు నెట్టి, ఆఖర్న చెక్కను కాస్త ఎత్తుతున్నాడు. ఇసుక మీద ఒక్క గీత లేదు. థామస్ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దారం పట్టించి చూశాడు. దారం కింద ఎక్కడా ఎత్తుపల్లం లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇది?"

"నేర్సుకోడానికేటుంది బావూ. మాది నౌపడ. ఉప్పు మడుల్లో పెరిగినోణ్ణి."

ఉప్పు మడి అడుగున నల్ల బురద ఉంటుంది. దాని మీద నేలను తొక్కి తొక్కి గట్టిచేసి, పైన నీరు నిలబెట్టి ఉప్పు తీస్తారు. ఎవరి కాలైనా దిగబడితే అడుగున ఉన్న నలుపు పైకొస్తుంది. చూస్తూ కూర్చుంటే మడి ఉప్పంతా మసకబారిపోతుంది. అందుకని అడుగు కనపడగానే ఎవర్నీ అడక్కుండా సరిచేసెయ్యాలి. పదో ఏట నుంచి ముప్పయ్యో ఏటి దాకా ముసలయ్య చేసింది అదే పని. తర్వాత ఆ మడుల్లో రొయ్యల చెరువులు తవ్వారు. అతను బహ్రెయిన్ వచ్చాడు.

"పోటీలయ్యాక ఇక్కడ ఎప్పటికీ ఉండే మనిషి ఒకడు కావాలి," అన్నాడు థామస్. "మెట్లెక్కే పని కాదు. మీ కఫీల్ నిన్ను వదులుతున్నట్టు రిలీజు ఇస్తే నీ వీసా ఇటు మార్పిస్తాను. ఈ నాలుగు రోజులూ మాట రాకుండా చూసుకో."

గొయ్యికి రెండో చదును చెక్క రాజనర్సుది. జగిత్యాల దగ్గరి మనిషి, ముసలయ్యతో క్యాంపులో ఒకే గది. నీడ ఎటు జరిగితే అటు జరిగి కూర్చునేవాడు.

"పేరే ముసలయ్య. పుట్టంగనే ముసలోనివైతివి. నీకు ఇప్పుడు పర్మనెంటు ఏందే?"

"మాటలు సాలుగానీ లెగు. ఆ సివర సదును సెయ్యి."

"పిలిస్తె లేస్త. పిలువకుండ లేస్తె ఇంకో పని చెప్తరు. గల్ఫుకచ్చి తొమ్మిదేండ్లల్ల నేర్సింది గిదొక్కటే."

పని పద్ధతి కష్టమైనదేం కాదు. ఆటగాడు దూకుతాడు. దూకుడు చెల్లిందని తెల్లజెండా లేస్తే ఒక అధికారి వచ్చి ఇసుకలో గుర్తు దగ్గర పుల్ల గుచ్చుతాడు. కొలుస్తారు. ఆయన "యల్లా" అన్నాకే చదును చెయ్యాలి. మూడు రోజులు ముసలయ్య వంక పెట్టేందుకు లేకుండా చేశాడు. మూడో రోజు సాయంత్రం థామస్ కఫీల్‌ను రిలీజు అడుగుతూ చీటీ టైపు చేయించి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో రోజు మగవాళ్ల ఫైనల్. పొద్దుటి నుంచి గాలి. ఇసుక ఎగిరిపోకుండా గొయ్యిని మామూలు కంటే ఎక్కువ తడిపారు. మధ్యాహ్నానికి పైన ఆరి తెల్లబడింది, లోపల తడి అలాగే ఉంది. ఆఖరి రౌండులో, అప్పటికి ఐదో స్థానంలో ఉన్న కజక్ ఆటగాడు పరుగెత్తుకొచ్చి దూకాడు. అంతకుముందు ఎవరూ పడనంత దూరంలో పడ్డాడు. మడమలు లోతుగా దిగాయి. తెల్ల ఇసుకను చీల్చుకుని నల్లటి తడి పైకొచ్చింది. తెల్లజెండా లేచింది. పుల్ల గుచ్చాల్సిన అధికారి, తన కాగితాలు గాలికి లేవబోతే, వాటిని పట్టుకోడానికి పక్కకు తిరిగాడు.

ముసలయ్య చెక్క నెట్టాడు. ఆఖర్న కాస్త ఎత్తాడు.

"ఏం జేసినవే అన్నా," అన్నాడు రాజనర్సు, కూర్చున్నచోటి నుంచే, మెల్లగా.

కజక్ ఆటగాడు వెనక్కి తిరిగి ఇసుకను చూశాడు. అరవలేదు. గట్టు మీద కూర్చుండిపోయాడు. అధికారులు చేరారు. ముసలయ్య ఒక గులకరాయి తెచ్చి, మడమలు పడిన చోటికి ఎదురుగా గట్టు మీద పెట్టాడు. "ఇక్కడే బావూ, సరిగ్గా ఇక్కడే," అని వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. అతని మాట వాళ్లకు అర్థం కాలేదు. ఎవరిదో బూటు తగిలి రాయి దొర్లిపోయింది.

రూలు ప్రకారం ఆటగాడికి ఇంకో అవకాశం ఇచ్చారు. అలసిన కాళ్లతో దూకాడు. ఇందాకటి చోటికి మూరెడు ఇవతలే పడ్డాడు. ఐదో స్థానం ఐదో స్థానంగానే ఉండిపోయింది. ఆ దూకుడు తర్వాత ఇసుక చదును చేసింది రాజనర్సు. పిలిచాక లేచాడు. ఇసుక నిండా గీతలు మిగిలాయి. ఎవరూ పట్టించుకోలేదు.

గంటలో కజక్ జట్టు ఫిర్యాదు ఇచ్చింది. థామస్ ముసలయ్యను సామాన్ల గదిలోకి పిలిచాడు.

"ఎందుకు చేశావయ్యా?"

"నల్లది పైకొచ్చింది బావూ."

థామస్ జేబులోంచి చీటీ బయటికి తీశాడు. "జవాబులో పేరు రాయమంటున్నారు. నేనే రాయాలి."

"రాయండి. సేసింది నానే కదా."

"రాశాక ఈ చీటీ పంపలేను. పంపినా చెల్లదు."

"ఆడెంత దూకేడో నాను సూపించగల్ను బావూ. ఏలెడు తేడా రాదు."

"నీ కన్ను టేపు కాదు ముసలయ్యా."

ముసలయ్య తలూపాడు. థామస్ వేరే కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

కఫీల్‌కు సంగతి మర్నాడే తెలిసింది. ఒక్క మాటే అన్నాడట, ఖలాస్ అని. ముసలయ్యకు పై గురువారానికి టికెట్టు తీశారు. స్టేడియానికి మాత్రం మనిషి కావాల్సిందే. ఫిర్యాదులో పేరు లేని వాడు, గొయ్యి పని తెలిసిన వాడు మిగిలింది రాజనర్సు ఒక్కడే. థామస్ చీటీ మళ్లీ టైపు చేయించాడు.

బుధవారం సామాను దించే వ్యానులో ముసలయ్యను కూడా స్టేడియానికి తీసుకొచ్చారు, ఇచ్చిన బూట్లు, చొక్కా తిరిగి అప్పగించడానికి. రాజనర్సు గొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ముసలయ్య మొహం చూడలేక ఇసుక వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేనడగలేదే అన్నా. ఆళ్లే పిలిసిండ్రు."

"తెలుసు."

"నీ లెక్క చేసుడు నాకు రాదు. ఒక్కపారి చూపియ్యరాదే."

ముసలయ్య చెక్క అందుకుని గట్టు మీద నిలబడి ఒక వరస చేసి చూపించాడు. "లాగకు. నెట్టు. ఆఖర్న ఎత్తు." రాజనర్సు లోపలికి దిగి ప్రయత్నించాడు. కుదరలేదు.

"రాపోయినా పర్నేదులే," అన్నాడు ముసలయ్య. "పిలిసేదాకా కూకోడం నీకొచ్చు. ఈళ్లకి కావల్సింది అదే."

వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. రాజనర్సు గట్టెక్కి చెయ్యి పట్టుకోబోయి, ఆగిపోయాడు. గొయ్యి మధ్యలో అతని అడుగులు రెండు లోతుగా దిగి ఉన్నాయి, అడుగున నల్లగా తడి. ముసలయ్య చూశాడు. చెక్కను గోడకు ఆనించి, కుంటుకుంటూ వ్యాను వైపు నడిచాడు.