కోట దగ్గర తలంబ్రాల చీర

మా ఇంటి నడవ గోడకు ఒక ఫోటో ఉంది. ఆదోని కోట ద్వారం పక్కన రాతిగోడకు చెయ్యి ఆనించి నిలబడిన పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఫోటోలో నల్లగా కనిపించే చీర అంచు నిజానికి ఎరుపు. ఇంటికి వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, ఎంత కళగా ఉన్నావమ్మా అంటారు. నేను వంటింట్లోకి పోతాను. ఇన్నేళ్ళయినా దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

మాది ఎమ్మిగనూరు. నాయన గుంటమగ్గం మీద నేసేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో మేమిద్దరమే. ఆయన నేస్తే నేను కండెలు చుట్టేదాన్ని. ఊళ్ళో నేతగాళ్ళకు కొదవ లేదు గానీ, తలంబ్రాల చీర అంటే మా నాయన దగ్గరికే వచ్చేవాళ్ళు. దానికి కారణం పనితనం ఒక్కటే కాదు. ఆ చీర మగ్గం మీద ఉన్నన్నాళ్ళు ఆయన తెల్లవారుజామునే స్నానం చేసి గాని గుంటలోకి దిగడు. మగ్గం మీంచి కోసిన చీరను తానే మడత పెట్టి, ఉతికిన గుడ్డలో చుట్టి, తానే తీసుకుపోయి పెళ్ళికూతురి తల్లి చేతిలో పెడతాడు. ఆ మడతను మొదట విప్పేది పెళ్ళికూతురే. అంతకుముందు ఆ చీర ఇంకొకరి ఒంటికి తగలకూడదు, తగిలితే పెళ్ళికూతురికి కీడు అంటారు. ఇది మా వాడకట్టులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు.

కర్నూలు రాజధాని అయిన రోజులు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే సావుకారు ఇంట్లో పెళ్ళి వచ్చింది. సావుకారమ్మ నాయనను పిలిపించి, తమ ఇంటి ఆచారం ప్రకారం కొంగులో కలశాల వరుస కావాలంది. ఇంకో మాట కూడా తీసుకుంది. ఆ కలశాల కొంగు తన కూతురికి తప్ప ఇంకెవరికీ నేయకూడదు. నాయన సరేనన్నాడు. కలశాలు లేచేలా మగ్గానికి దారాలు కట్టుకోవడానికే ఆయనకు పది రోజులు పట్టింది.

అదే సమయానికి నాకొక సంబంధం వచ్చింది. గుంతకల్లులో రైల్వే గుమాస్తా. పిల్లవాడు ముందు ఫోటో పంపమన్నాడట. మా పెద్దమ్మ కూతురు, మా అక్క, ఆదోనిలో కాపురముండేది. అక్కడికి పోయి ఫోటో దిగి రమ్మన్నాడు నాయన. సరిగ్గా అప్పుడే ఆయన కాలు వాచి, అడుగు తీసి అడుగు వేయలేకుండా ఉన్నాడు. దాంతో చీరను మొట్టమొదటిసారి ఇంకొకరి చేతికిచ్చాడు. ఆ ఇంకొకరు నేనే.

"మడత ఇప్పొద్దు మ్మా. సోమారం పొద్దున్నే పోయి సావుకారమ్మ సేతిలోనే పెట్టు. ఇంకెవురడిగినా ఇయ్యొద్దు" అన్నాడు.

"నాకు తెలీదా నాయనా" అన్నాను. ఎంత విసుగ్గా అన్నానో కూడా గుర్తుంది.

ఆ రోజుల్లో ఆదోనిలో ఫోటో అంటే కోట దగ్గరే. ఫోటో తీసే సాయిబుకు బజారులో చిన్న గది ఉండేది గానీ, ఆ గదిలో వెనక తెర మీద ఏవో సముద్రాలు, నెమళ్ళు గీయించి ఉండేవి. అక్కడ దిగితే నామోషీ. కాస్త తాహతు ఉన్నవాళ్ళు, కొత్త దంపతులు ఆదివారం పొద్దున కొండెక్కి, కోట ద్వారం దగ్గర దిగేవాళ్ళు. సాయిబు మూడు కాళ్ళ కొయ్య మీద కెమెరా పెట్టుకుని అక్కడే కాచుకుని ఉండేవాడు. నేనూ కోట దగ్గరే దిగుతానని పట్టుబట్టాను.

ఆదివారం బయలుదేరేటప్పుడు అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమే, ఈ గళ్ళసీర కట్టుకోనా పోటో దిగేది?"

నా దగ్గర ఉన్నది అదే. నేతగాళ్ళ ఇళ్ళలో మంచి చీరలు ఉండవు. మగ్గం మీద తప్పు పడినవి, బేరం కుదరనివి మా ఒంటి మీదకు వస్తాయి. నా గళ్ళచీర మోకాళ్ళ దగ్గర పోగు తప్పి ఒక చార పడి ఉండేది. ఇంట్లో ఎప్పుడూ పట్టించుకోని ఆ చార, రైల్వే గుమాస్తా కళ్ళతో చూసుకునేసరికి నాకు బండెడంత కనిపించింది.

"నా సీరొకటి కట్టుకో" అంది అక్క. అక్క చీరలు నా చీరకంటే పాతవి. పాపం, ఉన్నంతలో ఇస్తానంది. తప్పంతా అక్క మీదికి నెట్టాలని ఎన్నోసార్లు చూశాను గానీ కుదరలేదు. గుడ్డలో చుట్టిన చీర వైపు చూసింది నేనే.

"దాన్ని మళ్ళీ మడత పెట్టడం నాకొచ్చు. నాయన మడతకూ నా మడతకూ తేడా ఎవురూ కనుక్కోలేరు" అన్నాను.

అక్క భయపడింది. "వద్దే. తలంబ్రాల సీర అది."

"అరగంట. ఎవురికి తెలుస్తాది?"

మూటను చంకన పెట్టుకుని కొండెక్కాను. ఎండ ఇంకా ముదరలేదు. మెట్లు మెట్లుగా బండలు, వాటి నడుమ ముళ్ళపొదలు. కింద ఊరంతా కనిపిస్తోంది. జిన్నింగు మిల్లుల పొగగొట్టాలు, మసీదు మినార్లు, ఆరబోసిన పత్తి. కూలిన గోడ చాటున అక్క అడ్డం నిలబడితే చీర మార్చుకున్నాను. మొదటి మడత విప్పేటప్పుడు గంజి కరకరమంది. చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడే. నా కోసం ఏ చీరా అట్లా కరకరమనలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణం నాకు భయం వేయలేదు. చాలా సంతోషమేసింది.

సాయిబు నల్లగుడ్డలో తల దూర్చి, బయటికి తీసి, మళ్ళీ దూర్చాడు.

"గోడకు సెయ్యి పెట్టమ్మా. కొంగు ముందుకు రానీ, మంచిగుండాది. ఊపిరి బిగబట్టు. కదలద్దు."

కదలలేదు. తర్వాత సాయిబు చెయ్యి తుడుచుకుంటూ, "ఫోటో సక్కగొస్తే ఒక కాపీ నా దుకాణం ముందర అద్దాల పెట్టెలో పెట్టుకుంటా. పెట్టనా?" అని అడిగాడు. వద్దనమని అక్క నా మోచేయి గిల్లింది. నేను తల ఊపాను. వద్దు అనడానికి నాకు ఒక్క మాట చాలు. బజారులో పదిమందీ నన్ను చూస్తారన్న ఆశ ఆ ఒక్క మాటను అననివ్వలేదు.

ఆ సాయంత్రం చెంబులో నిప్పులు పోసి, దాంతో చీరను ఇస్త్రీ చేశాను. నాయన పెట్టినట్లే, కలశాలు లోపలికి వచ్చేలా మడత పెట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. సోమవారం పొద్దున సావుకారమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, రెండు చేతులతో చీర అందుకుంది. కళ్ళకు అద్దుకుంది.

"మీ నాయన సేతి సీర. నా బిడ్డ అదృష్టం" అంది. నన్ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చింది. నేను పెద్ద మనిషిలా అందుకున్నాను. ముందురోజు ఆ కొంగుతోనే మెడ మీద చెమట తుడుచుకున్నానన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

సావుకారు ఇంట పెళ్ళి జరిగింది. నా ఫోటో గుంతకల్లు పోయింది, పిల్లవాడు ఒప్పుకున్నాడు. నాయన ఆ ఫోటో చూడలేదు. అక్క నేరుగా పంపేసింది, పంపమన్నది నేనే. మా పెళ్ళికి ముహూర్తం వచ్చే ఏడు వేసవికి కుదిరింది. ఇక ఆ సంగతి మరిచిపోవచ్చనుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత సావుకారమ్మ కబురు పంపింది. నాయనను రమ్మంది, కూతురిని కూడా తోడుకొని రమ్మంది. మళ్ళీ ఏదో పెళ్ళిచీర పని అనుకున్నాడు నాయన. తలకు నూనె రాసుకుని, ఉతికిన పంచ కట్టుకుని, అంచుకు చూపించడానికి నాలుగు రకాల నూలు చిన్న పొట్లంగా కట్టుకున్నాడు. బస్సులో ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సావుకారమ్మ మమ్మల్ని కూర్చోమనలేదు. లోపలి నుంచి ఒక పటం తెచ్చి నాయన చేతికిచ్చింది. సాయిబు అద్దాల పెట్టెలోంచి తెప్పించిన ఫోటో అది.

"ఈ సీర ఎవురిదప్పా? నా బిడ్డకు ఇప్పుడు ఏడో నెల. వారం నుంచి మంచం దిగల్యా. మొన్న బజారుకు పోయి దీన్ని సూసినప్పట్నుంచి నాకు అన్నం దిగల్యా. కట్టిడిసిన సీర నా బిడ్డకు ఇచ్చినావా?"

కోపంగా అడగలేదు. భయంగా అడిగింది.

నాయన పటాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. కలశాల మీద ఆయన చూపు ఆగలేదు. కుచ్చిళ్ళ మీదికి దిగింది. అక్కడ చీరకు అడ్డంగా, నిలువుగా మడత గీతలు గీసినట్లు కనిపిస్తున్నాయి. సావుకారమ్మకు అవి ఉత్త గీతలు. నేతగాడికి మాత్రం చీర మొదటిసారి విప్పిన గుర్తులు. నాయన బొటనవేలితో అద్దం మీద ఆ గీత వెంట ఒక్కసారి రాశాడు. అప్పుడు ఆయనకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది.

నావైపు చూడలేదు. పటం ఆమెకు తిరిగి ఇచ్చి, చేతులు కట్టుకున్నాడు.

"ఇది ఆ సీర కాదమ్మా. ఇట్లాంటివి రెండు నేసినా. ఒకటి మీకిచ్చినా, ఇంకోటి నా బిడ్డ పెండ్లికని దాసుకున్యా. ఇంకెవురికీ నేయనని మీకు మాటిచ్చి తప్పినా. తప్పు నాది. మీ బిడ్డ కట్టుకున్న సీర ఎవురూ ముట్టనిది. మీరేమీ భయపడొద్దు."

సావుకారమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. భయం తీరాక కోపం వచ్చింది.

"అంత పెద్దమనిషివి, మాట తప్పినావా. ఇంక మా గడప తొక్కొద్దప్పా" అంది.

"అట్లేనమ్మా" అన్నాడు నాయన.

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. నా మాట వింటే ఆమె బిడ్డ గురించి మళ్ళీ భయపడుతుందని, అందుకే ఊరుకున్నానని తర్వాత్తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. సంబంధం చెడిపోతుందని ఊరుకున్నాను. నాయన పరువు కంటే నా ఫోటో, నా గుమాస్తా నాకు ఎక్కువయ్యారు.

దారిలో నాయన ఒకే మాట అన్నాడు. "బస్సు పోతాది, బిరీన నడువు."

వారం తిరక్కుండా ఆ మాట ఎమ్మిగనూరు చేరింది. నమ్మి చెప్పిన కొంగుతోనే ఇంకో చీర నేసుకున్నాడట అని మగ్గాల దగ్గర అనుకున్నారు. ఆ తర్వాత తలంబ్రాల చీర కోసం మా గడపకు ఎవరూ రాలేదు. సావుకారమ్మ కూతురికి సుఖంగా కాన్పయిందని, మగపిల్లవాడని అక్క చెప్పింది. ఆ రోజు దేవుడి ముందు పడి ఏడ్చాను. నాయనకు ఆ కబురు చెప్తే, "మంచిది" అన్నాడు.

మా పెళ్ళి దగ్గర పడింది. ఒకరోజు తెల్లవారుజామున బావి దగ్గర చప్పుడైతే లేచి చూశాను. నాయన స్నానం చేస్తున్నాడు. తడిపంచతోనే పోయి కొత్త పడుగు సరిచూసుకున్నాడు. తెల్లచీర, ఎర్రంచు. కండెలు నేనే చుట్టాను. కొంగు దగ్గరికి వచ్చేసరికి కలశాలు లేచాయి. రెండు చీరలు నేశానని అన్నాడు కదా. ఆ రెండోది అప్పుడు నేశాడు. నేను పక్కనే కూర్చుని, ఆయన ఆడిన అబద్ధానికి ఒక్కొక్క కండె అందించాను.

చీర కోశాక కలశాల కోసం కట్టిన దారాలన్నీ విప్పేశాడు. మడత పెట్టి, ఉతికిన గుడ్డలో చుట్టి, నా చేతిలో పెట్టాడు.

"ఇది ఎవురూ కట్టనిది" అన్నాడు.

ఆ సంగతి మీద ఆయన నాతో అన్న మాట అదొక్కటే. పెళ్ళి పీటల మీద ఆ చీర కరకరమంటుంటే నేను తల ఎత్తలేదు. పిల్లకు ఎంత సిగ్గో అని అత్తవారి తరపు ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

గుంతకల్లులో మా కాపురం పెట్టగానే మా ఆయన చేసిన మొదటి పని ఆ కోట ఫోటోకు చట్రం కట్టించి నడవలో తగిలించడం. చూసినవాళ్ళంతా ఇది నీ పెళ్ళిచీరే కదా అంటారు. అవునంటాను. ట్రంకులోంచి చీర తీసి పక్కన పెట్టి చూసినా, కలశానికి కలశం సరిపోతుంది.

నాయన ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆ ఫోటో ఉన్న గోడకే వీపు ఆనించి కూర్చునేవాడు.

"మామా, ఇటు కిటికీ దగ్గరికి రాండి, గాలొస్తాది" అనేవాడు మా ఆయన.

"ఈడే బాగుందిలేప్పా" అనేవాడు నాయన. నేను మంచినీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన తాగి, ఖాళీ చెంబు నా చేతికిచ్చేవాడు. తప్పయింది నాయనా అని ఆ చెంబు అందుకునేటప్పుడు ఎప్పుడైనా అనవచ్చు. ఆయన పోయేదాకా అనలేదు.