మొయినాబాద్‌లో ఫ్యాన్లు ఆపించిన వైనం

ఆ రోజుల్లో సిగ్గనేది పక్కవాళ్లు పడాల్సిన విషయమని నా గట్టి నమ్మకం. హైదరాబాద్‌లో మూడు నెలలు లాప్‌టాప్ రిపేరు నేర్చుకుని వచ్చి, చేవెళ్లలో మా మేనమామ కిరాణా కొట్టులో ఓ మూల బల్ల వేసుకున్నాను. ఒకవైపు కందిపప్పు, చింతపండు. ఇంకోవైపు నేను, నా సోల్డరింగ్ సామాను. మామకు ఒక నియమం ఉండేది. గల్లా ముందు నిలబడ్డ మనిషికి ‘లేదు’ అని చెప్పకూడదు. బియ్యం అయిపోయినా ‘నిండుకున్నాయి’ అనాలి. లేదు, రాదు అన్న మాట నోట్లోంచి వస్తే లక్ష్మి అటునుంచి అటే పోతుందనేవాడు. అది ఉప్పూపప్పుల నియమం. నేను దాన్ని లాప్‌టాప్‌లకు కూడా వర్తింపజేసుకున్నాను.

ఒక మే నెల ఉదయం మొయినాబాద్ నుంచి ఒక మేడం వచ్చారు. కోస్తావాళ్లు, ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. చార్జర్ పెట్టినా ఆవిడ లాప్‌టాప్‌లో చిన్న లైటు కూడా వెలగడం లేదు. పిల్లల కోసం ఆరేళ్ల కిందట ఉద్యోగం మానేశారట. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వ్యూ. వాళ్లకు చూపించాల్సిన ప్రాజెక్టంతా ఇందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. అవుతుందా అని అడిగారు. "ఎందుకు కాదు మేడం, సాయంత్రం వరకు ఇచ్చేస్త" అన్నాను. (అప్పటికి మూత కూడా తెరవలేదు.)

న్యాయంగా చెప్పాలంటే సగం పని బాగానే చేశాను. మీటరు పెట్టి చూస్తే, లాప్‌టాప్ లోపలి బోర్డులోకి కరెంటు వచ్చే దారిలోనే షార్ట్ ఉంది. ఆ దారిలో వరసగా ఉన్న కెపాసిటర్లలో ఏది దొంగో పట్టుకోవడానికి మా పనిలో ఒక చిట్కా ఉంది. బోర్డు మీద స్పిరిట్ పూసి, సన్నగా ఒక్క వోల్టు ఎక్కించాలి. పాడైనది వేడెక్కుతుంది కాబట్టి దాని మీద స్పిరిట్ ముందు ఆరిపోతుంది. నువ్వుగింజంత కెపాసిటర్ ఒకటి అలాగే దొరికింది. దాన్ని పీకేయగానే లైటు వెలిగింది. నేను మామను పిలిచి చూపించాను, మామ వచ్చిన గిరాకీలందరినీ పిలిచి చూపించాడు. ఇక ఆ పొగరులో మూత బిగించాను. విప్పిన స్క్రూలను పాతవాటితో కలిపి ఏలకుల డబ్బాలో పడేశానేమో, చేతికందినవి తీసి బిగించుకుంటూ పోయాను. మామ కళ్లు మూసుకుని తడిమినా కందిపప్పేదో శనగపప్పేదో చెప్పగలడు. ఆయన మేనల్లుడికి మాత్రం పొడుగు స్క్రూ, పొట్టి స్క్రూ అన్నీ ఒకటే. బిగించాక మళ్లీ వేసి చూడకుండానే ఆ సాయంత్రం మేడంకు అప్పజెప్పాను.

మర్నాడు పదకొండింటికి ఫోన్. మళ్లీ చచ్చిపోయిందట. బండి మీద మొయినాబాద్ వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, ఏమీ చూడకుండానే, "మీ ఇంట్ల కరెంటే మంచిగ లేదు మేడం. లోడ్ ఎక్కువైతున్నది. అన్నీ బంద్ చెయ్యిండ్రి" అన్నాను. పాపం, అన్నీ ఆపేశారు. ఏసీ, ఫ్రిజ్, చివరికి ఫ్యాన్లు కూడా. ఆ ఎండల్లో, డెబ్బై దాటిన వాళ్ల అత్తగారు విసనకర్ర తెచ్చుకుని నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు.

మూత విప్పాను. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది దిగి, దాని మొన బోర్డులోకి పొడుచుకుపోయింది. చేసింది నేనే. ఫైళ్లుండే డిస్కు విప్పి వేరే లాప్‌టాప్‌కు తగిలిస్తానని చెప్పాను. మేడం ఎదురింటివాళ్ల లాప్‌టాప్ తేవడానికి వెళ్లారు. ఆ సందులో స్క్రూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఫ్యాన్లు వేసుకోమని ఒక్క మాట అనొచ్చు కదా? అనలేదు. అంటే నా అబద్ధం బయటపడుతుంది మరి. డిస్కు విప్పుతుంటే చేతులకు చెమట పట్టి జారిపోతున్నాయి. అత్తగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని నాకు విసరడం మొదలుపెట్టారు. "నిదానంగా చెయ్యి బాబూ, తొందరేం లేదు" అన్నారు. (గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.) డిస్కును ఎదురింటివాళ్ల లాప్‌టాప్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపించాయి. మేడం కళ్లు తుడుచుకుని ఇంటర్వ్యూకు సిద్ధమయ్యారు. నేను చచ్చిన లాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని, పోతూ పోతూ, ఇంటి వైరింగు ఒకసారి చూపించుకోమని సలహా కూడా ఇచ్చాను. ఆ సలహా గుర్తొస్తే ఇప్పటికీ దుప్పటి ముసుగు తన్నాలనిపిస్తుంది.

పది రోజులకు బాగుచేసి ఉంచిన లాప్‌టాప్ కోసం అత్తాకోడళ్లిద్దరూ కొట్టుకు వచ్చారు. ఉద్యోగం వచ్చిందట. మీ అబ్బాయి దేవుడిలా వచ్చాడని మేడం మామతో చెబుతుంటే మామ ఛాతీ ఉబ్బిపోయింది. నేను బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు నటించాను. అత్తగారు మెల్లగా నా దగ్గరికి వచ్చారు.

"ఆ రోజు నువ్వు జేబులో వేసుకున్నది చూశాను బాబూ" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. "అప్పుడే అడిగితే నీ చెయ్యి వణికేది. మా కోడలి ఆరేళ్ల ఎదురుచూపు ఆ చేతిలోనే ఉంది. అందుకే విసురుతూ కూర్చున్నాను."

"తప్పు నాదేనమ్మా" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "సరేలే. ఇంకెవరింట్లోనూ ఫ్యాన్లు మాత్రం ఆపించకు" అని, అరకిలో చింతపండు కట్టించుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నాకు సొంత కొట్టు ఉంది, తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి. ఆనాటి పిల్లాణ్ణి తలుచుకుంటే చెంప మీద ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. చెయ్యెత్తేలోపు, వాడికి విసురుతున్న ఆ పెద్దావిడ కనిపించి నవ్వొస్తుంది.