నాలుగోసారి పారబోసిన నీళ్లు

"పై నీళ్లు ఎక్కడ పెట్టినవమ్మా?" అని మా గైడ్ సార్ అడిగిన క్షణంలోనే నా కొంప మునిగిందని అర్థమైంది. సింకు అప్పటికే గుటకలు ముగించి హాయిగా త్రేన్చింది.

అప్పట్లో నేను ఖమ్మంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. పాల్వంచ నుంచి రోజూ బస్సు. పిల్లలిద్దరినీ చూసుకునే మా అత్తమ్మ ముందే తేల్చేసింది: "శనివారం దాటితే నా వల్ల కాదు. ఇల్లందు పోయి నా బిడ్డ దగ్గర పండుకుంట." శనివారంలోగా శుభ్రమైన ప్రొటీన్ చూపించకపోతే డిగ్రీ లేదు.

శుద్ధి చేసే ఖరీదైన సామాను మా కాలేజీలో లేదు. సార్ చవక ఉపాయం చెప్పారు. బ్యాక్టీరియాలో ప్రొటీన్ తయారయ్యేటప్పుడే దానికో తోక తగిలించాలి. ఉప్పు వేసి వెచ్చబెడితే ఆ తోక ముద్దకట్టి, ప్రొటీన్‌ను లాక్కుని అడుక్కి దిగుతుంది. చెత్తంతా పై నీళ్లలో ఉంటుంది, పారబోయడమే. మూడుసార్లు అలా కడిగి, ద్రావణం మార్చి ఒక రాత్రి వదిలేస్తే తోక తనంతట తానే తెగిపోతుంది. మా ఇంట్లో తిన్న కంచం తీయడానికి నాలుగుసార్లు అరవాలి, ఈ తోకకు ఒక్కసారి కూడా చెప్పక్కర్లేదు!

నాలుగోసారి వెచ్చబెడితే తోక ఒక్కటే అడుక్కి పోతుంది. ప్రొటీన్ పై నీళ్లలో మిగులుతుంది. ఇదంతా చదివాను, రాసుకున్నాను, కింద ఎర్రగీత కూడా గీశాను. తీరా ఆ రోజు నాలుగున్నర బస్సు మీద ధ్యాస, చేతులకు మూడుసార్ల అలవాటు. పారబోశాను. అడుగున మీగడలాంటి తెల్లటి ముద్ద చూసి మురిసిపోయి, మా ఆయనకు ఫోటో కూడా పంపాను!

"ఏ నీళ్లు సార్?"

"ప్రొటీన్ ఉన్న నీళ్లమ్మా."

"సింకుల పోసిన సార్."

"కింద గిన్నె అన్న పెట్టినవా?"

"లేదు సార్. సింకు గూడ కడిగిన. సబ్బుతోని."

సార్ స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. "ఇన్ని నెలల్ల ఒక్కనాడన్న సింకు కడిగినవా?"

"లేదు సార్. ఇయ్యాలనే."

"మరి ఆ చేతిల ఏంది, గంత భద్రంగ?"

"తోక సార్."

మళ్లీ మొదటి నుంచి చేయడానికి ఒక వారం ఇచ్చారు. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ పడీ పడీ నవ్వింది. "నీళ్లు పారబోసెటందుకు ఖమ్మం దాక పోవాల్నా? మనింట్ల సింకు లేదా?" అంటూనే ఇల్లందు ప్రయాణం వారం జరిపింది.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పప్పు కడిగిన నీళ్లయినా సరే, సీసాలో పోసి, పేరు రాసి, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచకుండా పారబోయను.

తెల్లారి పిల్లలకు జడలు వేస్తూ చెప్పాను: "అమ్మ ఇంకో వారం కాలేజీకి పోతది. ఎందుకని ఎవరన్న అడిగితే, నెయ్యి పారబోసి అడుగు మడ్డి దాచుకున్నదని చెప్పుండ్రి. వద్దులే... బస్సు తప్పిపోయిందని చెప్పుండ్రి."