పదకొండు ఒకట్లు

సాంగ్లీలో సహస్రబుద్ధే మాస్తరు మాటకు తిరుగు లేదు. బడిలో లెక్కలు చెప్పే ఆయన, పెండ్సేల ఇంటి ముందు గదిలో ఒంటరిగా అద్దెకుండేవాడు. ఆ ఇంటి అన్నదమ్ములు బాపూ, మధూ పెద్దవాళ్లయ్యాక కూడా సాయంత్రమైతే పలక పట్టుకుని ఆయన దగ్గర చేరేవారు. అంకెలంటే ఇద్దరికీ పిచ్చి. ఆ పిచ్చి అంటించింది మాస్తరే.

ఆ ఏడు మధూ వాటా అడిగాడు. అతని భార్య కుముద్‌కూ అత్తగారికీ క్షణం పడేది కాదు. కొల్హాపూర్‌లో వేరు కాపురం పెట్టకపోతే కుముద్ తనకు దక్కదని అతని భయం. వేరు మాట వినగానే తల్లి అన్నం మానేసింది. వాదించి వాదించి విసిగిన బాపూ చివరికి పలక మీద వరసగా పదకొండు ఒకట్లు గీశాడు.

"ఇంట్లో పదకొండు మందిమి. ఈ సంఖ్యని ఒకటి కాక ఇంకో సంఖ్య ఏదైనా శేషం లేకుండా భాగిస్తుందని మాస్తరు తేల్చారనుకో, నీ వాటా నువ్వు పట్టుకెళ్లు. లేదంటే నోరు మూసుకుని ఇక్కడే ఉండు."

ఇంకో ఇంట్లో అయితే నవ్విపోదురు. మధూ మాత్రం సరేనన్నాడు. మాస్తరు అబద్ధమాడడని అతని ధీమా.

వానాకాలమంతా మాస్తరు భాగహారాలు చేశాడు. ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలను చూస్తే చాలని ఆయనకు తెలుసు. అయినా అవి వందల్లో ఉన్నాయి. ఒకనాడు 21649 దగ్గర శేషం సున్నా వచ్చింది. భాగఫలం 513239. లెక్క సరిచూడ్డానికి తొమ్మిదుల పరీక్ష పెట్టాడు, పదకొండుల పరీక్ష పెట్టాడు. ఎక్కడో తప్పు దొర్లి ఉంటే బాగుండునని ఆయన కోరుకోవడం అదే మొదలు. తప్పేమీ లేదు.

లోపల అన్నదమ్ముల తల్లి, ఆ ముసలావిడ, దగ్గుతోంది. ఇన్నేళ్లూ ఆయనకు కూడా భాకరీ, జొన్నరొట్టె, చేసి పంపిన తల్లి ఆమె. మాస్తరు ఇంకో నెల భాగిస్తున్నట్టు నటించి, ఈ సంఖ్య ముక్కలు కాదని అన్నదమ్ములకు చెప్పేశాడు.

మధూ మాట మీద నిలబడ్డాడు. దీపావళికి పుట్టింటికి వెళ్లిన కుముద్ తిరిగి రాలేదు. బతిమాలడానికి వెళ్లిన మధూ ఒక్కడే వచ్చాడు. ఇంట్లో పదిమంది మిగిలారు. ముసలావిడ మాత్రం మాస్తరు మా ఇల్లు నిలబెట్టాడని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది. అది విన్నప్పుడల్లా ఆయనకు చెంప పగిలినట్టుండేది. ఆ ఇంటి ఉప్పు తిని ఆ ఇంటి బిడ్డనే ముంచాడు. మధూ మునుపటిలాగే పలక పట్టుకుని రావడం ఆయన్ని మరీ కోసేసేది.

ముసలావిడ పోయిన మరుసటి ఏడు, గణపతి నిమజ్జనం అయిన మర్నాడు, ఇక ఉండబట్టలేక మధూను గదిలోకి పిలిచాడు. రెండు సంఖ్యలు చెప్పి గుణించమన్నాడు. మధూ నిదానంగా అంకె అంకె వేసి కూడాడు. పలక మీద పదకొండు ఒకట్లు తేలాయి.

"అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు. నీకు ద్రోహం చేశాను, మధూ."

మధూ తిట్టలేదు. తిట్టి ఉంటే మాస్తరు ప్రాణం కాస్త కుదుటపడేది. పలకనే చూస్తూ, ఈ రెంటినీ ఇంకా విడగొట్టవచ్చా అని అడిగాడు. కుదరదని, రెండూ ప్రధాన సంఖ్యలేనని మాస్తరు తలెత్తకుండానే చెప్పాడు.

"అంటే, విడిపోయినా దేనికది గట్టిగానే ఉండేదన్నమాట," అన్నాడు మధూ.