ఊరికి పోతున్న బల్లి

డెబ్బైల్లో ఒక వానాకాలం, పటాన్‌చెరులో బస్సెక్కాను. పక్క సీట్లో రాజస్థాన్ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కార్మికుడు. అతని ఒళ్లో రేకు డబ్బా, అందులో వాళ్ల ఊరి ఇసుక, ఇసుక మీద కదలకుండా ఒక ఎడారి బల్లి.

కండక్టర్ తొంగిచూశాడు. "ఏం భయ్యా, దీని కొవ్వు తీసి సాండా తైలం అమ్ముతవా? నా మోకాళ్లకు జెర ఇయ్యరాదే!"

"తైలం కాదు సాబ్, పెంచుకున్న. ఈ తడికి బొరియ తవ్వుతలేదు, తింటలేదు. మా ఊరాయన రైలుకు పోతుండు, ఆయనతోని పంపిస్తున్న."

"మరి నువ్వెప్పుడు పోతవు భాయ్?" అన్నాను.

అతను ఇసుకలోకి మణికట్టు దాకా చెయ్యి దించి, కాసేపు అలాగే ఉంచాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర దిగే ముందు గుప్పెడు ఇసుక తీసి రుమాలులో ముడివేసుకున్నాడు.

వాన పడితే ఇప్పటికీ, ఆ ముడి తడిసిందేమోనని అనుకుంటాను.