గురువారం బయల్దేరిన బ్యాగు

మా వీధిలో డోరతీ అని ఒక పెద్దావిడ ఉంది కదా, మాకు తూర్పున రెండో ఇల్లు? ఆవిడ లెక్కలో నేనిప్పుడు మొగుణ్ణి వదిలేసి పారిపోబోయి పట్టుబడ్డ ఆడదాన్ని! నవ్వకండి. ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతుంది. పది రోజులైంది, నాకింకా ఆ షాక్ తగ్గలేదు.

ఏం జరిగిందంటే, మా ఆయన బాస్‌కి మెయిన్ రాష్ట్రంలో లేక్ పక్కన ఒక వెకేషన్ హోమ్ ఉందిట. ఆయన ఇంతవరకూ పిల్లికి కూడా దాని తాళం ఇవ్వలేదుట. అలాంటిది మా ఆయన్ని పిలిచి, "ఐదు రోజులు ఉండి రండి, ఉన్నది ఒక్కటే తాళం, జాగ్రత్త" అని చేతిలో పెట్టాడు. పెళ్ళయిన ఆరేళ్ళకి మా మొదటి వెకేషన్! మా ఆయన ఆ తాళం నాకిస్తూ, "సుబ్బూ, ఇది పోయిందో, నేను మళ్ళీ ఆఫీసులో తలెత్తుకోలేను" అన్నారు.

"నా చేతిలో పెట్టాక పోవడం ఏమిటండీ?" అన్నాను నేను. ఎంత పొగరో చూడండి!

ప్లానింగ్‌లో నన్ను మించినవాళ్ళు మా పార్సిప్పనీ ఊళ్ళోనే లేరని నా నమ్మకం. మ్యాప్ మీద పసుపు మార్కర్‌తో దారంతా గీశాను. ఎక్కడ కారుకి గ్యాస్ కొట్టించాలి, ఎక్కడ పులిహోర తినాలి, అన్నీ రాశాను. నలభై మూడు ఐటమ్స్‌తో లిస్టు. ఒక్కొక్కటీ సర్దగానే పక్కన టిక్కు.

అంతా అయ్యాక మా మామగారు వచ్చారు. తెనాలి నుంచి మూడు నెలలకని వచ్చారు కదా, రిటైరైన హెడ్మాస్టరు, చేతిలో పంచాంగం లేనిదే కాఫీ కూడా తాగరు. మ్యాప్ వంక ఒక చూపు చూసి, "ఈ మెయిన్ ఎటు వైపమ్మా?" అన్నారు.

"ఈశాన్యం మామయ్యగారూ."

"అంటే తూర్పు కిందే లెక్క. శనివారం తూర్పు ప్రయాణమా? వారశూల! వీల్లేదు."

మా ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నారు. "నాన్నా, సెలవు శనివారం నుంచే ఇచ్చారు!" అని. మామగారు చలించలేదు. "పోనీ ప్రస్థానం పెడదాం" అన్నారు. తెలుసుగా, మంచి ఘడియలో మనం బయల్దేరలేకపోతే, మన సామాను ఒకటి ముందే బయల్దేరదీసి, వెళ్ళే వైపున ఎవరింట్లోనో పెట్టి, తర్వాత దారిలో తీసుకుపోతాం. దాన్ని మళ్ళీ మన గడప తొక్కించకూడదు. పంచాంగాన్ని అమెరికా టైముకి మార్చడానికి రెండు రోజులు కాగితాలు నింపి, గురువారం పొద్దున్న ఆరూ నలభై రెండుకి ముహూర్తం తేల్చారు. తూర్పున మనకి తెలిసినవాళ్ళెవరయ్యా అంటే, డోరతీ ఒక్కతే.

"ఊరికే పంచెలు, తువ్వాళ్ళూ పెడితే చాలదమ్మా. ప్రయాణానికి ముఖ్యమైన వస్తువేదైనా ఉండాలి" అన్నారు.

అంతకంటే ముఖ్యమైనదేముంది? తాళం! ఆహా, ఏం బుర్రే నీది అని నన్ను నేనే మెచ్చుకుని, మామగారి పంచెల మడతల్లో తాళం పెట్టి, ఒక బ్యాగులో సర్దేసి, లిస్టులో టిక్కు పెట్టేశాను. బ్యాగుకీ ఒక టిక్కు.

ఇక గురువారం సంగతి వినండి. దారిలోకని అప్పుడే ఎండుమిరపకాయలు వేయించి కందిపొడి కొడుతున్నాను. ఘాటుకి కళ్ళల్లోంచి ధారలు. ముక్కు కారిపోతోంది. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు, విరబోసుకుని ఉన్నాను. "అమ్మాయ్, టైమైపోతోంది! పద, పద!" అని మామగారు ఒకటే కేకలు. బ్యాగు పట్టుకుని అలాగే పరిగెత్తాను. ఆయన మా వాకిట్లో నిలబడి, వాచీ చూసుకుంటూ, "ఊఁ, కానీ! వెనక్కి తిరిగి చూడకు!" అని చెయ్యి ఊపుతున్నారు.

డోరతీ తలుపు తీసింది. నన్ను చూసింది. బ్యాగు చూసింది. నా భుజం మీంచి మామగారిని చూసింది. పాపం ఆవిడ నన్ను సుబ్బలక్ష్మి అనలేక సూ అంటుంది. "సూ, హనీ, ఇంట్లో అంతా బాగానే ఉందా?" అంది.

"బాగానే ఉంది. ఈ బ్యాగు మీ దగ్గర ఉంచండి. నేను ఈ రోజే బయల్దేరిపోవాలని మా మామగారు అంటున్నారు. దీన్ని మళ్ళీ మా ఇంటికి తేకూడదు" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ నన్ను గట్టిగా వాటేసుకుంది. "నా తలుపు నీకెప్పుడూ తెరిచే ఉంటుంది" అంది. అమెరికన్లు ఎంత మంచివాళ్ళో అనుకుంటూ ఇంటికొచ్చేశాను.

శనివారం పొద్దున్న స్టేషన్ వాగన్ నిండా సామాను, వెనక సీట్లో మామగారు. నేను ముందు సీట్లో లిస్టు పట్టుకుని చదివాను. తాళం, టిక్కు. బ్యాగు, టిక్కు. నలభై మూడుకి నలభై మూడు! మా ఆయన డోరతీ ఇంటివైపు కాకుండా హైవేకి దగ్గరని పడమటి చివర నుంచి పోనిచ్చారు. దారంతా నా గొప్పలే. "ప్లానింగ్ అంటే ఇదండీ" అంటే, "మా ఆవిడ ఉండాల్సింది మన ఆఫీసులో అని బాస్‌తో చెప్తాను" అన్నారాయన. ఎనిమిది గంటలు ఒక్క టర్న్ కూడా తప్పలేదు తెలుసా!

ఇల్లు చూస్తే కళ్ళు చెదిరాయి. ఎదురుగా లేక్, చుట్టూ చెట్లు. మా ఆయన వరండా ఎక్కి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపారు. "తాళం."

"బ్యాగులో ఉందండీ."

"బ్యాగేది?"

అంతే! నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్ల మీద కూలబడిపోయాను. విషయం చెప్పేసరికి మా ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "తిరిగి వెళ్ళాక నేను బాస్‌కి ఏమని చెప్పను? ఆయన పిల్లిక్కూడా ఇవ్వని తాళం మా నాన్న పంచెల్లో చుట్టి డోరతీ ఇంట్లో పెట్టామని చెప్పనా?"

దగ్గర్లో ఒక స్టోర్ బయట పే ఫోన్ ఉంటే మా ఆయన చిల్లరంతా ఏరుకుని డోరతీకి చేశారు. రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేసి నా వంక చూసిన చూపు ఉందే, చచ్చినా మర్చిపోను.

"ఏ బ్యాగూ లేదంటోంది."

"అదేమిటండీ!"

"అసలు నిన్ను చూసి నెల రోజులైందిట!"

పోయిందా తాళం? ఇన్నాళ్ళూ దేవత అనుకున్నానే, ఇంత అబద్ధమా! ఒళ్ళు మండిపోయి ఫోన్ లాక్కుని నేనే చేశాను.

"సూ!" అని గుసగుసగా అంది. "నీ భర్త చేశాడు. నేనేం చెప్పలేదు. బ్యాగు నా బేస్‌మెంట్‌లో భద్రంగా ఉంది. అతను పక్కనే ఉన్నాడా? అవును, కాదు, అంతే చెప్పు."

"అవును."

"ఆ ముసలాయన కూడానా?"

"అవును."

"ఓ మై గాడ్."

అప్పుడు వెలిగింది నాకు! గురువారం నా కళ్ళు, నా జుట్టు, నా మాటలు, వెనకాల వాచీ చూసుకుంటూ మామగారు! అయ్యో రామా! "డోరతీ, మీరనుకున్నది కాదు! మాలో బ్యాగు ముందు వెళ్ళిపోతుంది, మనిషి తర్వాత వెళ్తుంది" అన్నాను.

"తెలుసు హనీ. చాలామంది అలాగే చేస్తారు."

"కాదండీ! నేను ఎప్పుడు వెళ్ళాలో మా మామగారు పుస్తకం చూసి టైమ్ పెట్టారు!"

ఎంత విప్పబోతే అంత బిగుసుకుంటోంది. ఇక్కడేమో చిల్లరైపోతోంది. చివరికి ఆవిడ, "ఆ బ్యాగు నీ చేతికి తప్ప ఎవరికీ ఇవ్వను. నేనే వస్తున్నాను. అడ్రస్ చెప్పు" అంది.

చెప్పాను. ఏం చెయ్యను? ఆ పూట మోటెల్లో ఒకే గదిలో ముగ్గురం సర్దుకున్నాం. మామగారొక్కరే హాయిగా గుర్రు పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం ఆ వరండా ముందు పెద్ద కారొకటి ఆగింది. డోరతీ దిగింది. వెనకే ఆరడుగుల మనిషి, వాళ్ళ తమ్ముడుట! వచ్చీ రాగానే నా చేతులు తిప్పి చూసింది, మొహం ఎత్తి చూసింది. మా ఆయన "హలో" అంటే పలకలేదు. నేను వరండాలోనే కందిపొడి డబ్బా మూత తీసి ఆవిడ ముక్కు కింద పెట్టాను. రెండు క్షణాల్లో ఆవిడ కళ్ళల్లోంచీ ధారలు! అప్పుడు గానీ సగం నమ్మలేదు. మిగతా సగం ఇంకా నమ్మలేదనుకోండి.

బ్యాగు విప్పితే పంచెల మడతలో తాళం. ఉంది! మా ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నారు. మామగారు తాపీగా పడక్కుర్చీలో వెనక్కి వాలి, "చూశావురా? గురువారం బయల్దేరదీసిన బ్యాగు దానంతటదే వచ్చి చేరింది. శనివారం బయల్దేరిన మీరేమో గడప బయట పడి ఉన్నారు. ఇంకా వారశూల లేదంటావా?" అన్నారు.

లేక్ కనబడే బెడ్‌రూమ్ డోరతీకి, పక్క గది వాళ్ళ తమ్ముడికి. అంత దూరం వచ్చినవాళ్ళని పొమ్మంటామా? మేం హాల్లో దుప్పట్లు పరుచుకున్నాం. మొదటి వెకేషన్!

వెళ్ళేటప్పుడు డోరతీ నన్ను పక్కకి పిలిచి, వాళ్ళింటి తాళం ఒకటి నా గుప్పిట్లో పెట్టింది. "ఎప్పుడైనా సరే, సూ. ఏ టైమైనా సరే" అంది. నాకు నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి, ఈసారి మిరపకాయలు లేకుండానే.

ఇప్పుడు మా ఇంట్లో ఏ చిన్న గొడవైనా చాలు, మా ఆయన వాచీ చూసుకుని, "టైమ్ బాగుంది, డోరతీ ఇంట్లో బ్యాగు పెట్టి రా" అంటున్నారు. నిన్న నాకూ రోషమొచ్చింది. "పెడతాను, ఏం?" అని లేచాను కూడా. తీరా చూస్తే ఆవిడిచ్చిన తాళం కనబడితేనా! ఇల్లంతా గాలించాను. ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు. లిస్టులో మాత్రం టిక్కుంది!