హెడ్లీ లెక్కలో చిరంజీవులు పదకొండుగురు

మాంధాత వంటివాణ్ణి మట్టిలో కలిపి, అయోధ్య వీధులలో గడ్డి మొలిపించి, లాంకషైర్ కొండల నడుమనున్న మా కాల్డర్‌విక్ పట్టణంలో నూలుమిల్లుల పొగగొట్టాలను ఒక్కొక్కటిగా కూల్చి వాటి చోట సోఫాల దుకాణాలు నిలబెట్టి, ఒకనాడు ఇంగ్లండు లీగ్ గెలిచిన కాల్డర్‌విక్ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టును మెట్టుమెట్టుగా నాలుగో శ్రేణికి దించి, ఆ జట్టులోని మహావీరుల మోకాళ్లలో వాతాన్నీ నోళ్లలో కట్టుడుపళ్లనూ పెట్టిన కాలపురుషుడు, శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మాత్రం మా మైదానంలో తూర్పు స్టాండు మెట్ల దగ్గర చేతులు కట్టుకొని నిలబడవలసి వచ్చేది. ఎందుకంటే అక్కడ హెడ్లీ థ్రెల్‌ఫాల్ కూర్చుని ఉండేవాడు.

ఆయనకున్న వింత ఒక్కటే. రోవర్స్ చొక్కా తొడుక్కొని మైదానంలోకి ఎవరు దిగినా వారిని వారి పేరుతో పిలవడు. అరవై ఏళ్ల కిందట లీగ్ గెలిచిన జట్టులో ఆ చోట ఎవరు ఆడారో వారి పేరుతో పిలుస్తాడు. గోల్ ముందు నిలిచినవాడు ఏ ఖండంవాడైనా సరే, సిడ్ ఓగ్డెన్. రక్షణపంక్తి నడుమ నిలిచినవాడు ఆల్ఫ్ బ్రేస్‌వెల్. తొమ్మిదో నంబరు టామ్ హెస్కెత్. పురాణాలు చిరంజీవులను ఏడుగురినే లెక్కించాయి; హెడ్లీ లెక్కలో పదకొండుగురు. మన వేదాంతంలో చొక్కాలు మారుతాయి, లోపలివాడు ఒక్కడే. హెడ్లీ వేదాంతంలో చొక్కా ఒక్కటే. లోపలివాళ్లు ఎందరు మారినా ఆయన పట్టించుకోడు.

ఆటకు ముందు మైకులో ఆనాటి జట్టు పేర్లు చదివేవారు. హెడ్లీ తన సీటులోంచి తన జట్టును చదివేవాడు. మైకు ప్రకటన గాలివాటున పోయేది. హెడ్లీ ప్రకటన ఎదురుగాలిలో కూడా రైలుకట్ట దాకా వినిపించేది. పొరుగూళ్ల నుంచి వచ్చిన ప్రత్యర్థి అభిమానులు కొందరు ఇంటికి వెళ్లి, తాము హెస్కెత్ చేతిలో ఓడిపోయామని నిజంగానే చెప్పుకొనేవారట.

ఓటమిని కూడా ఆయన ఈ పద్ధతిలోనే సర్దేవాడు. ఒకసారి మాకు అయిదు గోల్స్ పడ్డాయి. వెనక వరుసలో కూర్చున్న నేను, ఈరోజు మీ సిడ్‌కి ఏమైందని అడిగాను.

“కళ్లలో ఎండ పడిందోయ్, ఏం చేస్తాడు,” అన్నాడు హెడ్లీ, టోపీ అంచునుంచి కారుతున్న వాన తుడుచుకుంటూ.

సబ్‌స్టిట్యూట్ అనే మాట ఆయనకు నచ్చదు. తొమ్మిదో నంబరు బయటికి వచ్చి ముప్పైనాలుగో నంబరు లోపలికి వెళితే, టామ్ తడిసిన చొక్కా మార్చుకొని వచ్చాడని మా అందరికీ వివరించేవాడు. పొట్టిగా ఎర్రజుట్టుతో బయటికి వచ్చిన టామ్ ఆరడుగుల నల్లజుట్టుతో లోపలికి వెళ్లినా ఆ వివరణ చెక్కుచెదిరేది కాదు.

ఇంటి దగ్గరా ఇదే వరస. ఆయన భార్య ఎనిడ్ ఒకసారి నాకు టీ పోస్తూ, “పెళ్లయ్యాక గాని తెలియలేదు నాయనా, ఈయన మనసులో నేను పన్నెండోదాన్నని,” అంది. చేపల దుకాణంలో బ్రేస్‌వెల్ భుజాల వంటి చేపముక్క కావాలని అడుగుతాడట. ఆపరేషన్ అయి కళ్లు తెరిచినప్పుడు, మతి స్థిమితంగా ఉందో లేదో చూద్దామని డాక్టరు ఇప్పుడు ప్రధానమంత్రి ఎవరని అడిగితే, “గోల్లో సిడ్ ఉన్నంతకాలం ఎవరైతే ఏమిటి బాబూ,” అన్నాడట. డాక్టరు కూడా కాల్డర్‌విక్ వాడే కనుక ఆ సమాధానాన్ని సరైనదిగానే స్వీకరించాడు.

ఇంత ధారణశక్తి గల మనిషి ఒక్క చోట మాత్రం తడబడేవాడు. ఆరో నంబరు ఆటగాడికి పేరు ఉండేది కాదు. “మనవాడు” అనేవాడు, అంతే. పద్యమంతా నోటికి వచ్చి ఒక్క గణం దగ్గర గొంతు సవరించుకొనే పండితుడిలా అక్కడ దాటవేసేవాడు. మతిమరుపని మేము నవ్వుకొనేవాళ్లం. ఆయన పక్క సీటులో ఎప్పుడూ ఒక పొడగరి వృద్ధుడు మోకాళ్లమీద దుప్పటి కప్పుకొని మౌనంగా కూర్చునేవాడు. ఎనిడ్ తరఫు చుట్టమై ఉంటాడనుకున్నాం. మా స్టాండులో పక్కవాణ్ణి ఆట సంగతి తప్ప మరేదీ అడగడం మర్యాద కాదు. భార్య చనిపోయిన సంగతి కూడా విరామంలోనే చెప్పుకోవాలి.

ఇలా ఉండగా ఇస్సా కమారా అనే కుర్రవాడు జట్టులో చేరాడు. గినీ దేశంలో పుట్టి, ఫ్రాన్సులోని లియోన్‌లో పెరిగి, మా ఊరి చలికి రెండు జతల మేజోళ్లు తొడుక్కొని వచ్చిన తొమ్మిదో నంబరు. మొదటి ఆటలోనే హెడ్లీ ఆశీర్వదించాడు. “ఏమోయ్ టామ్ హెస్కెత్, కొండలు చూడ్డానికొచ్చావా? పరిగెత్తు.”

కొత్తగా స్టాండుకు వస్తున్న ఒక ప్రేక్షకుడికి ఇది మనసుకు గుచ్చుకుంది. ఆఫ్రికా కుర్రవాడి పేరు పలకడం ఇష్టంలేక ఈ ముసలాయన ఇంగ్లీషు పేరు తగిలించి అవమానిస్తున్నాడని ఫిర్యాదు చేశాడు. పైపైన చూసినవారికి అలా తోచడం అన్యాయమూ కాదు. ప్రేక్షకుల వ్యవహారాలు చూసే లోర్నా ఫిచ్ హెడ్లీని టీ గదికి పిలిపించింది. సాయంగా ఉంటానని నేనూ వెళ్లాను.

ఇకమీదట ఆటగాళ్లను వారి వారి పేర్లతోనే పిలవాలనీ, లేకపోతే సీజన్ టికెట్ వెనక్కి తీసుకోక తప్పదనీ ఆమె మర్యాదగానే చెప్పింది.

“అది కాదు తల్లీ,” అన్నాడు హెడ్లీ.

“నన్ను తల్లీ అనకండి, థ్రెల్‌ఫాల్‌గారూ.”

“సరే తల్లీ.” ఆయన టోపీని మోకాలిమీద రెండుసార్లు తిప్పాడు. “నా టికెట్ పోతే, నా పక్కాయన టికెట్ కూడా పోతుందా?”

“ఆయనది ఆయనకుంటుంది. కానీ ఆయన ఒక్కరే రాగలరా?”

“రాలేడు,” అన్నాడు హెడ్లీ. తరువాత గోడమీద ఉన్న పాత జట్టు ఛాయాచిత్రం వైపు చూసి, సరే, పేర్లు సరిగానే పిలుస్తానని మాట ఇచ్చాడు. మేడమెట్లు దిగుతుంటే ఆయన నడక ఒక్కరోజులో పదేళ్లు ముదిరినట్టుంది.

శనివారం వచ్చింది. లోర్నా ఫిచ్ మా వరుస చివర మెట్లమీద నిలబడింది. హెడ్లీ ఎక్కడ తప్పుతాడా అని స్టాండంతా చెవులు నిక్కించింది. ఆయన తప్పలేదు. “ఇస్సా కమారా, కుడివైపు ఖాళీ ఉంది, చూడు,” అన్నాడు. మైకులో ప్రకటించేవాడే వారంవారం మింగేసే మా పోలండు గోల్‌కీపర్ పేరును, “వోయ్‌చెహోవ్‌స్కీ” అని, వేదంలో స్వరం తప్పని ఘనాపాఠిలా పలికాడు. సబ్‌స్టిట్యూట్‌గా బల్లమీద కూర్చున్నవారి పేర్లు కూడా వచ్చాయి. ఈయనకు అందరి పేర్లూ మొదటినుంచీ తెలుసు.

నా ఆశ్చర్యం తీరకముందే పక్క సీటులోని వృద్ధుడు దుప్పటి తోసేశాడు.

“హెడ్లీ, వీళ్లెవరు?”

“మనవాళ్లే సెప్.”

“మనవాళ్లు కారు. టామ్ ఏడి? సిడ్ ఏడి? మనం రైలు తప్పెక్కి ఏదో ఊరికొచ్చాం. నా బూట్లెక్కడ పెట్టావు?”

ఆయన లేచి నిలబడ్డాడు. సంతలో తప్పిపోయిన పసివాడి చూపుతో అటూ ఇటూ చూసి మెట్లవైపు కదిలాడు. హెడ్లీ ఆయన మోచేయి పట్టుకొని, మెట్లమీదున్న లోర్నా ఫిచ్‌ను ఒక్కసారి చూశాడు. టికెట్ అటు, మిత్రుడు ఇటు. బంతి అప్పుడే గీత దాటి బయటికి పోయి మైదానమంతా నిశ్శబ్దంగా ఉంది. హెడ్లీ టోపీ తీసి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

“టామ్ హెస్కెత్. ఎక్కడున్నావురా?”

మైదానం మధ్యలో ఇస్సా కమారా వెనక్కి తిరిగి, అలవాటు చొప్పున చెయ్యెత్తాడు.

వృద్ధుడు ఆ చేతిని చూశాడు. భుజాలు దిగాయి. “అదిగో టామ్,” అన్నాడు. “సోమరిపోతు. అక్కడే ఉన్నాడని ముందే చెప్పొచ్చుగా.” మళ్లీ కూర్చొని దుప్పటి కప్పుకున్నాడు. హెడ్లీ ఇక ఆగలేదు. సిడ్‌ను పిలిచాడు, ఆల్ఫ్‌ను పిలిచాడు, ఒక్కొక్క పేరూ వినపడినప్పుడల్లా వృద్ధుడు తన ఇంట్లో దీపాలు వెలిగిస్తున్నట్టు తలాడించాడు. లోర్నా ఫిచ్ మెట్టుమీద చతికిలబడింది.

విరామంలో ఆమె వచ్చి హెడ్లీ ముందు నిలబడింది. ఆయన చెప్పక తప్పలేదు. ఆ వృద్ధుడు సెప్ వామ్స్‌లీ. లీగ్ గెలిచిన జట్టులో ఆరో నంబరు. టీ గదిలోని ఛాయాచిత్రంలో బంతి పట్టుకొని కూర్చున్నది ఆయనే; ఆ చిత్రం కింద కూర్చొని మేము ఎన్ని టీలు తాగామో. ఆట మానాక కెనడాలో స్థిరపడి, భార్య పోయాక తిరిగి మా ఊళ్లో మేనకోడలి పంచన చేరాడు. అప్పటికే ఆయన తలలోంచి పేర్లు రాలిపోతున్నాయి. కెనడా పోయింది, మేనకోడలి పేరు పోయింది. తనతో ఆడిన పదిమంది పేర్లు మాత్రం పోలేదు. ఆ పేర్లు వినపడుతున్నంతసేపు ఆయనకు తానెక్కడున్నాడో తెలుస్తుంది. ఆయన్ను స్టాండుకు తెచ్చిన మొదటి శనివారం హెడ్లీ తెలియక పదకొండు పేర్లూ పిలిచాడట. “సెప్” అనగానే ఆయన కోటు విప్పి మైదానంలోకి దిగబోయాడట. నాటినుంచి ఆరో నంబరు “మనవాడు” అయ్యాడు.

“ఈ మాట ముందే చెప్పొచ్చు గదా,” అంది లోర్నా ఫిచ్.

“జాలి పడతారు తల్లీ. సెప్ ఎప్పుడూ తనమీద ఎవర్నీ జాలి పడనివ్వలేదు. ఎదురొచ్చినవాళ్ల మీద జనమే జాలిపడేవాళ్లు.” హెడ్లీ గొంతు తగ్గించాడు. “మా రోజుల్లో సబ్‌స్టిట్యూట్‌లు లేరు. కాలు బెణికినా తల పగిలినా మనిషిని బయటికి పంపేవాళ్లం కాదు. గీత పక్కన, ఎడమ అంచున నిలబెట్టేవాళ్లం. వాడు పరిగెత్తలేడు. అయినా అవతలివాడొకడు వాడిమీద ఓ కన్నేసి ఉంచాలి గదా. అలా మేం ఆఖరిదాకా పదకొండుగురం. సెప్‌ని నేను అంచుకు తెచ్చి నిలబెట్టాను. అంతే.”

లోర్నా ఫిచ్ కిందికి వెళ్లింది. ఇంతవరకూ ఎవరికీ తట్టని పని చేసింది: అవమానం జరిగిందో లేదో ఇస్సాను అడిగింది. ఆట ముగిశాక ఆ కుర్రవాడే బురద బూట్లతో మా వరుస దగ్గరికి వచ్చాడు.

“మా అమ్మమ్మ నన్ను తరచు చనిపోయిన వాళ్ల అన్న పేరుతో పిలుస్తుంది,” అన్నాడు. “ఆ పేరుతో పిలిచిన రోజు చేపలో పెద్ద ముక్క నాదే. అందుకని నేనేమీ అనుకోలేదు. ఒక్కటే అడగాలి. హెస్కెత్ బాగా ఆడేవాడా?”

“ఎడమకాలు వాడితే బాగానే ఆడతావు,” అన్నాడు సెప్, సూటిగా ఇస్సావైపు చూసి. “ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“తప్పయింది సెప్. వచ్చే శనివారం వాడతా.”

ఫిర్యాదు చేసిన పెద్దమనిషికి లోర్నా ఫిచ్ సంగతంతా విడమరచి చెప్పింది. ఆయన మరుసటి వారం వచ్చి, రెండో నంబరు ఎవరో తనకూ చెప్పమని మొహమాటంగా హెడ్లీని అడిగాడు. ఇక ఆటగాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. రోవర్స్‌లో కొత్తగా చేరినవాడు ముందు స్నానాల గది ఎక్కడని అడుగుతాడు, తరువాత, “తూర్పు స్టాండులో నేనెవర్ని?” అంటాడు. సిడ్ ఓగ్డెన్ బీరు విపరీతంగా తాగేవాడని తెలిసి వోయ్‌చెహోవ్‌స్కీ కొంత నొచ్చుకున్నాడు గాని, పెనాల్టీలు బాగా ఆపేవాడని విని క్షమించాడు.

ఒక్క ఆరో నంబరు కుర్రవాడు డానీయే చాలాకాలం దూరంగా ఉండిపోయాడు. ఏమని పలకరించాలో వాడికి తెలియలేదు. వసంతంలో ఒక శనివారం ధైర్యం చేసి సెప్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. సెప్ వాడి వీపుమీది అంకెను చూడడానికి వాణ్ణి ఒక చుట్టు తిప్పాడు.

“ఈ చొక్కా నాది,” అన్నాడు.

“అవునండీ,” అన్నాడు డానీ. “మీరు కావాలన్నరోజు ఇచ్చేస్తా.”

సెప్ మోకాళ్లమీద దుప్పటి సర్దుకున్నాడు. “నీ దగ్గరే ఉంచుకో అబ్బాయ్. నాకిప్పుడు తీరిక లేదు. శనివారాలు ఆట చూడాలి.”

కాలపురుషుణ్ణి వారానికొక పూట మెట్లదగ్గర నిలబెట్టిన హెడ్లీ థ్రెల్‌ఫాల్‌కు గొంతు తరగకుండు గాక. పన్నెండోదాననుకొనే ఎనిడమ్మ చేతి టీ ఆ ఇంట ఎన్నడూ చల్లారకుండు గాక. వారి వాకిట వాన వచ్చినా వెంట వెలుగూ వచ్చు గాక. ఆ దంపతులకు, వారి అంచున నిలిచిన మిత్రునికి, ఆ ఊళ్లో పుట్టబోయే పిల్లలందరికీ, పేరుపెట్టి పిలిచే మనిషొకడు ఎల్లవేళలా పక్క సీటులో ఉండు గాక.